చెరువును మింగిన నగరము

బెంగుళూరు కెంపెగౌడ బస్సు నిలయమున దిగు ప్రతి ప్రయాణికుడును ఒక చెరువులో దిగుచున్నాడు. ఆ చెరువు పేరు ధర్మాంబుధి. నగరవాసులు మెజెస్టిక్ అని పిలుచుకొను ఆ తావున ఒకప్పుడు నీరు నిలిచెడిది. కంఠీరవ క్రీడారంగమున ఆటలు చూచువారు సంపంగి చెరువు గర్భమున కూర్చుండి చూచుచున్నారు. అచట కరగ ఉత్సవము కొరకు ఒక చిన్న కొలను మాత్రము మిగిలినది. కృష్ణరాజేంద్ర మార్కెట్టులో కూరలు బేరమాడువారు సిద్ధికట్టె అను చెరువుపై నిలిచి బేరమాడుచున్నారు. 1997 జాతీయ క్రీడల కొరకు కోరమంగలలో కట్టిన గృహసముదాయమును, చల్లఘట్టలోని గోల్ఫు మైదానమును కూడ చెరువు నేలలే.

పాత ముచ్చటలు చెప్పుకొని నిట్టూర్చుటకు మేము ఈ మాటలు వ్రాయుట లేదు. నగరములు పెరుగుట కాలధర్మము. పల్లెలో పని దొరకనివాడు పట్టణమునకు రాక మానడు. వచ్చినవానికి ఇల్లు, నీరు, దీపము, బడి కావలెను. మన కుటుంబములలో ఎన్నియో ఏదో ఒక తరమున ఆ విధముగనే వచ్చి స్థిరపడినవి. కావున పెరుగుదలనే నిందించుట మనకు తగదు. కాని నగరము ఎవరి నీటిని త్రాగి పెరుగుచున్నది, తన మురికిని ఎవరి ముంగిట వదలుచున్నది అని అడుగు హక్కు మనకు కలదు. అడుగవలసిన బాధ్యతయు కలదు. ఏలయనగా ఈ కథలో చెరువు త్రవ్వినవారిలోను, చెరువు క్రింది నేలను అమ్ముకొన్నవారిలోను, దాని ఫలము ననుభవించుచున్నవారిలోను మన భాష మాటలాడువారు ఉన్నారు.

చెరువుల గొలుసు

బెంగుళూరు సముద్రమట్టమునకు ఇంచుమించు 900 మీటర్ల ఎత్తున మిట్టపై వెలసిన ఊరు. బెజవాడకు కృష్ణవలె, తిరుచిరాపల్లికి కావేరివలె దీని ప్రక్కన జీవనది ఏదియు పారదు. కురిసిన వాన నలుదెసల పల్లమునకు జారిపోవును. 1537 ప్రాంతమున ఈ పురమును నిర్మించిన కెంపెగౌడయు, ఆయన తరువాతి పాలకులును, చుట్టుపట్ల గ్రామముల పెద్దలును ఆ జారిపోవు నీటికి అడ్డముగ కట్టలు వేయించిరి. హెబ్బాళ, కోరమంగల–చల్లఘట్ట, వృషభావతి అను మూడు పెద్ద లోయల వెంట చెరువులు మెట్లవలె ఏర్పడెను. పై చెరువు నిండి మరవ పారినచో ఆ నీరు రాజకాలువ వెంట క్రింది చెరువును చేరును. అది నిండిన పిదప మరియొక దానిని చేరును. ఏ చెరువును ఒంటరిది కాదు. గొలుసులో ఒక లంకె తెగినచో పైవారికి ముంపు, క్రిందివారికి ఎండ.

చెరువు చేయు పని కంటికి కనుపించు నీటితో ముగియదు. అది వాననీటిని నెలల తరబడి నిలిపి మెల్లమెల్లగ నేలలోనికి ఇంకించును. చుట్టుపట్ల బావులలో ఊటను కాపాడును. కట్ట క్రింది ఆయకట్టున వరి, కూరగాయలు, పూలు పండును. వేసవిలో పూడిక తీసి ఒండ్రుమట్టిని బండ్లపై పొలములకు తోలుకొందురు. పొలమునకు ఎరువు దొరకును, చెరువునకు లోతు నిలుచును. తూము ఎప్పుడు తెరువవలెను, ఎవరి మడికి ఎంతసేపు నీరు విడువవలెను అను లెక్క నీరుగంటిది. అతనికి పంటలో కొంత కొలిచి యిచ్చుట ఆచారము. ఆ ఏర్పాటులో అన్యాయములు లేకపోలేదు; ఊరందరిదని పేరు గల నీటిని ముట్టుటకు కులపు కట్టుబాట్లవలన నోచుకొనని వారును ఉండిరి. అది స్వర్ణయుగమని మేము చెప్పము. కాని ఆ నీటికి ఒక కాపరి ఉండెడివాడు, చెరువు చెడినచో తమ కంచము చెడునని ఊరికి తెలిసియుండెడిది అను మాట మాత్రము నిజము.

ఈ కట్టలు వేసిన చేతులు ఎవరివి? మట్టిపనిలోను, రాతిపనిలోను ఆరితేరిన ఒడ్డెవారివి. దక్షిణదేశమున ఊరూర చెరువులు, బావులు త్రవ్విన ఈ శ్రమజీవులలో పెక్కుమంది ఇంటిభాష నేటికిని తెలుగే. కర్ణాటకమున వీరిని వడ్డరులనియు భోవులనియు పిలుతురు. శాసనములలో కట్టించినవాని పేరు ఉండును గాని గంప మోసినవాని పేరు ఉండదు. అయినను, ఈ నగరమునకు తెలుగువారు చేసిన మేలు ఏమి అని ఎవరైన అడిగినచో, వర్తకము, సంగీతము, సినిమా అని చెప్పుటకు ముందు ఈ మట్టిగంపను తలచుకొనుట మనకు ధర్మము.

కుళాయి వచ్చిన పిదప

1894లో అర్కావతి నదిపైని హెసరఘట్ట జలాశయమునుండి నగరమునకు గొట్టములద్వారా నీరు వచ్చెను. 1933లో అదే నదిపై తిప్పగొండనహళ్ళి జలాశయము తోడయ్యెను. 1974లో కావేరి పథకపు మొదటి దశ ముగిసెను. ఐదవ దశ 2024 అక్టోబరులో ప్రారంభమయ్యెను. ఈ కావేరి జలము సుమారు 100 కిలోమీటర్ల దూరమునుండి, దాదాపు 500 మీటర్ల ఎత్తు పంపులతో ఎక్కి మన బిందెలలోనికి వచ్చుచున్నది. దానికై రాత్రింబవళ్లు ఖర్చగు విద్యుచ్ఛక్తి సామాన్యమైనది కాదు.

ఇంజనీర్ల సామర్థ్యమును మేము తక్కువ చేయము. కుళాయి నీటివలన ఎందరి స్త్రీల నడుములకు బిందె బరువు తప్పినదో, ఎన్ని ఇండ్లకు కలరా బాధ తొలగినదో మనకు తెలియును. కాని కుళాయి త్రిప్పినంతనే నీరు వచ్చుట మొదలైన నాటినుండి జనులకు చెరువుతో పని తీరిపోయెను. పని తీరిన దానిని కాచువాడుండడు. త్రాగు చెరువు బట్టలుతుకు చెరువైనది. బట్టలుతుకు చెరువు మురుగు చెరువైనది. మురుగు కంపు కొట్టగా, దోమలు పెరుగుచున్నవి, పూడ్చివేయుడని చుట్టుపట్లవారే మొరపెట్టుకొనిరి. పూడ్చిన నేల ఖాళీ స్థలమయ్యెను. ఖాళీ స్థలము ఇండ్ల స్థలమయ్యెను. ఏ మెట్టుననో ఒక దుర్మార్గుడు నిలిచి చెరువును చంపినట్లు కానరాదు. ప్రతి మెట్టునను ఎవరికో ఒక న్యాయమైన అవసరము కనుపించినది. ఈ విషయములోని కష్టమంతయు ఇదియే.

1951లో బెంగుళూరు జనసంఖ్య సుమారు 8 లక్షలు. 2011 జనగణనలో మహానగర పాలికె పరిధిలోనే అది 84 లక్షలు దాటెను. 2007లో 7 పురపాలక సంఘములను, ఒక పట్టణ సంఘమును, 110 గ్రామములను నగరమున కలిపి ఆ మహానగర పాలికెను ఏర్పరచిరి; 2025లో దానిని 5 నగర పాలక సంస్థలుగ విభజించిరి. ఇట్లు కలిసిన పల్లెలకు ఊరి పేరు మిగిలినది గాని ఊరి చెరువు పలుచోట్ల మిగులలేదు. 1973 తరువాతి నాలుగు దశాబ్దములలో నగరపు జలాశయముల విస్తీర్ణము ఇంచుమించు నాలుగింట మూడు వంతులు తగ్గినదని బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఉపగ్రహ చిత్రములను పరిశీలించి లెక్క తేల్చిరి. కె. బి. కోళివాడ అధ్యక్షతన శాసనసభా సంఘము 2017లో చేసిన విచారణలో బెంగుళూరు నగర, గ్రామీణ జిల్లాలలో పదివేల ఎకరములకు మించి చెరువు నేల అన్యాక్రాంతమైనట్లు తేలెను. అందు ప్రైవేటు వ్యక్తులే కాక ప్రభుత్వ సంస్థలును ఉండుట గమనింపదగినది. కంచెయే చేను మేసిన చోట కాపలా ఎవరు కాతురు?

ఫలితము రెండు రూపముల కనుపించుచున్నది. 2022 సెప్టెంబరు మొదటి వారమున కురిసిన వానలకు బెల్లందూరు, యెమలూరు, సర్జాపురము రోడ్డు ప్రాంతములు జలమయమయ్యెను. కోట్లు వెలచేయు మేడలలోనివారు ట్రాక్టర్లపైనను పడవలపైనను బయటపడిరి. వారి వార్త పత్రికలలో పతాకశీర్షికయైనది. వారి మేడలు కట్టుటకు వచ్చి రేకుల పాకలలో నున్న కూలీల గిన్నెలు, బియ్యము కొట్టుకొనిపోయిన వార్త అంతగ రాలేదు. ఆ రోజులలోనే మండ్య జిల్లా తొరెకాడనహళ్ళిలో కావేరి నీటిని తోడు పంపుల కేంద్రము కూడ ముంపునకు గురియై నగరమున పలు పేటలకు కుళాయి ఆగిపోయెను. వీధిలో మోకాలి లోతు నీరు, ఇంటిలో గొంతు తడుపుకొన నీరు లేదు!

అటుపిమ్మట రెండేండ్లు తిరుగకముందే, 2024 వేసవిలో, అదే నగరము నీటికై అల్లాడెను. ప్రభుత్వ గణనము ప్రకారము నగరములోని సుమారు 14,000 ప్రభుత్వ గొట్టపుబావులలో దాదాపు 6,900 ఎండిపోయెను. నీటి బండ్లవారు నోటికి వచ్చిన ధర చెప్పగా, జిల్లా అధికారులు ధర కట్టవలసి వచ్చెను. అయిదు కిలోమీటర్ల లోపల 6,000 లీటర్లకు 600 రూపాయలని వారు నిర్ణయించిరి. ధర కట్టినంత మాత్రమున బీదవాని పాకకు బండి రాదు. అతనికి అంత నీరు నిలువజేసుకొనుటకు తొట్టియు లేదు. నాణెము వేసినచో నీరు పోయు శుద్ధజల కేంద్రముల ముందు స్త్రీలు బిందెలతో బారులు తీరిరి.

వరదయు ఎద్దడియు రెండు వేర్వేరు రోగములని మనము తలచుచున్నాము. కాదు, రోగమొకటే. నేలపై సిమెంటు పరచినచో వాన ఇంకదు. ఇంకని వాన గంటలో వరదయగును. ఆ వరద పారుటకు రాజకాలువ ఉండదు, నిలుచుటకు చెరువు ఉండదు. ఇంకవలసిన నీరు పారిపోయినది కనుక వేసవిలో బావి ఎండును. వర్షకాలమున మనము తరిమివేసిన నీటినే వేసవిలో వెల యిచ్చి కొనుచున్నాము.

దిగువవారి గోడు

ఇంతవరకు నగరవాసి కష్టము చెప్పితిమి. ఇంతకు మించినది దిగువవారి కష్టము.

బెల్లందూరు చెరువు సుమారు 900 ఎకరములది. కోరమంగల–చల్లఘట్ట లోయలోని మురుగు దశాబ్దముల తరబడి శుద్ధిలేకయే దానిలో చేరినది. సబ్బుపొడులలోని రసాయనములు మురుగులో కలిసి, మరవపైనుండి దుముకునప్పుడు చిలుకబడి, మంచుకొండలవలె నురుగు లేచి వీధులలోనికి ఎగిరెను. అంతటితో ఆగలేదు. 2015 మే నెలలోను, 2017 ఫిబ్రవరిలోను, 2018 జనవరిలోను ఆ చెరువు మంటలు క్రక్కెను. 2018లో మంటల నార్పుటకు సైనికులు వేలసంఖ్యలో దిగవలసి వచ్చెను. నీటితో నిప్పార్పుట ఎరుగుదుము. నీరే నిప్పంటుకొనుట మన పెద్దలు కలలోనైన ఎరుగరు. 2018 డిసెంబరులో జాతీయ హరిత న్యాయమండలి రాష్ట్ర ప్రభుత్వమునకు 50 కోట్ల రూపాయలు, మహానగర పాలికెకు 25 కోట్ల రూపాయలు జరిమానా విధించెను. ఆ పిదప 2020లో పూడికతీత పనులు మొదలయ్యెను.

బెల్లందూరు నీరు వర్తూరు చెరువును చేరును. వర్తూరునుండి దక్షిణ పినాకినిలో కలియును. ఆ నది రాష్ట్రపు ఎల్ల దాటి హోసూరు చెంత కెలవరపల్లి జలాశయమున నిలుచును. అచటను నురుగు లేచుట హోసూరు ప్రాంతపు మన పాఠకులు కన్నులార చూచినదే. హోసూరు, కృష్ణగిరి ప్రాంతమున తరతరములుగ తెలుగు మాటలాడు కర్షక కుటుంబములు ఎన్నియో కలవు. వారు బెంగుళూరు చెరువును పూడ్చలేదు, మేడలను కట్టలేదు, కాని నగరము స్నానము చేసిన నీరు వారి మడిలోనికి వచ్చుచున్నది. అది తమిళనాడు కనుక బెంగుళూరు వార్డులో వారికి ఓటు లేదు. తమ ఊరిలో అడుగుదమన్నను తప్పు చేసినది తమ ఊరు కాదు. నది రెండు రాష్ట్రముల నడుమ నడచును గాని మొర నడువదు.

మరియొకవంక కోలారు ఉన్నది. ఆ జిల్లాలో తెలుగు వినిపింపని సంత అరుదు. వేల చెరువులు గల ఆ జిల్లా నిత్యక్షామమున అలమటించుచుండగా, బెంగుళూరు మురుగును శుద్ధిచేసి దినమునకు 440 మిలియను లీటర్ల వరకు అచటి నూరింటికి పైబడిన చెరువులకు పంపు పథకము 2018లో ఆరంభమయ్యెను. దానివలన ఎండిన చెరువులు నిండినవి. బావులలో నీరు పైకి వచ్చినది. ఇది కాదనరాని మేలు. కాని ఆ నీటికి రెండవ దశవరకే శుద్ధి జరుగుచున్నదని, మూడవ దశ శుద్ధి లేక పంపుట నేలకును, బావులకును ముప్పని రైతులు న్యాయస్థానములకు ఎక్కిరి. కరవుతో ఎండుట, అనుమానపు నీటితో నిండుట – ఈ రెంటిలో ఒకటి కోరుకొమ్మని రైతును నిలదీయుట ధర్మమా? నగరవాసి త్రాగు నీటికి ఏ శ్రద్ధ చూపుచున్నామో, నగరవాసి విడిచిన నీటికిని ఆ శ్రద్ధ చూపవలెను.

నీరు మాత్రమే కాదు. నగరపు చెత్త ఏండ్ల తరబడి మండూరు, మావళ్ళిపుర గ్రామముల నెత్తిన పడినది. మండూరు గ్రామస్థులు పోరాడిన పిదపనే 2014 చివర అచటికి చెత్తబండ్లు నిలిచెను. ఆ చెత్తను తెల్లవారుజామున ఊడ్చి ఎత్తు పౌరకార్మికులలో తెలుగు ఇంటిభాషగ గల దళిత స్త్రీలు పెక్కుమంది. ఏండ్ల తరబడి గుత్తపు కూలీలుగ ఉండి, 2022 జూలైలో వారు పని ఖాయము చేయుడని సమ్మెకు దిగవలసి వచ్చెను. మన సంఘముల సభలకు పండితులను, వర్తకులను, నటులను పిలిచి శాలువలు కప్పుచున్నాము. మన వీధి ఊడ్చు తల్లి మన భాషయే మాటలాడుచున్నదని ఎన్నడైన గుర్తించితిమా? భాషాభిమానము అరుగుమీదివారికి మాత్రమే వర్తించునదైనచో అది అభిమానము కాదు, ఆడంబరము.

ఇది ఒక్క ఊరి గ్రహచారము కాదు

చెన్నపురివారు ఈ వ్యాసము చదివి తమకు సంబంధము లేదనుకొనరాదు. తెలుగువాడైన పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేరిట వెలసిన త్యాగరాయనగరము 1920లలో మాంబళము వైపు విస్తరించియుండిన పెద్ద చెరువును ఎండగట్టి కట్టినదే. 2015 డిసెంబరులో ఆ నగరము మునిగెను. 2019 వేసవిలో నగరమునకు నీరిచ్చు నాలుగు జలాశయములును అడుగంటి, జోలారుపేటనుండి రైలుబండ్లలో నీరు తెప్పించిరి. కృష్ణాజలము తెలుగుగంగద్వారా పూండి చేరుచుండినను ఆ దాహము తీరలేదు. దూరదేశమున జకార్తా నగరము నేలలోని నీటిని తోడితోడి తానే నేలలోనికి క్రుంగుచున్నది. క్రొత్త రాజధానికి తరలుటకు ఇండోనేషియా 2022లో చట్టము చేసినది. వేగముగ పెరుగు దేశములన్నింట ఈ కథ ఒకటే: నగరమున ఉపాధి ముందు వచ్చును, మురుగుకాలువ వెనుక వచ్చును, ఆ రెంటి నడుమ గడచు ముప్పది నలువది ఏండ్ల మూల్యమును బీదవాడును, దిగువ గ్రామమును చెల్లింతురు.

మన వంతు

ఇక మనమాట. వర్తూరు, బెల్లందూరు, సర్జాపురము వైపు పల్లెలలో తరతరములుగ తెలుగు మాటలాడు కర్షక కుటుంబములు కలవు. ఆ కట్టల క్రింద దున్నినవారిలో మనవారు ఉండిరి. ఆ నేలను నివేశనములకు అమ్మినవారిలోను మనవారు ఉండిరి. కొందరి నేలను ప్రభుత్వము స్వాధీనము చేసికొన్నది. వారికి వేరు దారి లేకపోయినది. కొందరు ఇష్టపడి మంచి ధరకు అమ్మిరి. బిడ్డ చదువు, ఆడపిల్ల పెండ్లి, అప్పు – ఎవరి కారణము వారిది. మేము ఎవరిని తప్పు పట్టుట లేదు. మా ఇంటివారును అమ్మినవారే.

మా పెదనాయనగారు చెరువుకట్ట క్రింద తమకున్న రెండెకరముల మడిని అమ్మి, ఆ ధనముతో అద్దె గదులు కట్టించిరి. గదులు నిండినవి, బావి ఎండినది. వారానికి రెండు నీటిబండ్లు కొనుచుండిరి. 2022 వానలలో వారిని చూడబోతిమి. ఎదుట అపార్టుమెంటు వాకిట నీరు సుడి తిరుగుచుండెను. ఎనుబది యేండ్ల ఆ వృద్ధుడు మెట్టుపై నిలిచి చేయి చాపి, ‘అదిగో, మన తూము కాలువ ఆ గేటు కిందనే పోతా వుండేది. నీళ్లు వాటి దావ మరవలేదు నాయనా, మనమే మరిచినాము’ అనిరి. ఆ గేటు కట్టించిన వానికి అచట కాలువ ఉండెనని తెలియదు. చెప్పవలసిన మా పెదనాయన చెప్పలేదు. అడుగవలసిన మేము అడుగలేదు.

ఆ మాట విన్ననాటినుండి మాకు ఒక సంగతి తోచుచున్నది. భాష పోవుచున్నదని మనము ప్రతి వారము ఈ పుటలలో చింతించుచున్నాము. బడులలో తెలుగు లేదు, పిల్లలకు అక్షరములు రావు అని అర్జీలు వ్రాయుచున్నాము. కాని మరవ, తూము, కట్ట, ఒండ్రు, ఆయకట్టు, నీరుగంటి అను మాటలను మన పిల్లలకు ఏ బడి నేర్పగలదు? ఆ మాటలు పుస్తకమున పుట్టలేదు, చెరువు గట్టున పుట్టినవి. చెరువు పోయిన చోట అవి నిఘంటువులో మాత్రమే బ్రతుకును.

పరరాష్ట్రమున అల్పసంఖ్యాకులమై యున్న మనకు ఈ గొడవలు ఎందుకని కొందరు పెద్దలు శంకింపవచ్చును. ఆ శంకలో అనుభవము లేకపోలేదు. నీటి విషయమున భాషా కలహములు రేగిన రోజులు మనము చూచినాము. కాని నాలుగైదు తరములుగ ఈ నేల నీరు త్రాగినవాడు అతిథి కాడు. అతిథి కానివానికి ఇంటి బాగోగులు పట్టవు అనుట చెల్లదు. ఈ పనిని తెలుగువారి పనిగ కాక, ఊరిపనిగ, మన కన్నడ సోదరులతో కలిసి, కన్నడముననే అర్జీ వ్రాసి చేయుదము. ఒక చెరువును కలిసి కాపాడిన ఇరుగుపొరుగుల నడుమ కలహము పుట్టించుట ఎవరికిని సులభము కాదు.

చేయదగినవి

చేయదగిన పనులు మా బుద్ధికి తోచినంతలో ఇవి. మన పెట్టెలలో తాతలనాటి క్రయపత్రములు, భాగపత్రములు ఉన్నవి. వానిలో నాలుగు హద్దులు వ్రాసియుండును: తూర్పున చెరువు కాలువ, పడమర తూము బాట అని. ఆ రెండు మాటలే నేడు ఒక చెరువును రక్షింపగల సాక్ష్యము. ఆక్రమణల విచారణ జరుగునపుడు ఆ ప్రతులను అధికారుల ముందుంచవలెను. పాతకాపులమైన మనకు తప్ప ఈ సాక్ష్యము ఇతరులకు దొరకదు.

స్థలము కొనునపుడు ధరయు దిక్కును మాత్రమే చూడక, గ్రామపటము తెప్పించి అందు కాలువ గుర్తులు, ప్రజోపయోగమునకు విడిచిన బి-ఖరాబు నేల ఉన్నవేమో చూడవలెను. వాస్తు చూపించుకొనుటకు పోయు దినములలో ఒక దినము దీనికి వినియోగించినచో చాలును.

వాననీటిని ఇంటనే పట్టవలెను. పాత ఇండ్లలో 2,400 చదరపుటడుగులకు మించిన స్థలము గలవారును, క్రొత్తగ 1,200 చదరపుటడుగులకు మించిన స్థలమున కట్టువారును వాననీటి ఏర్పాటు చేసికొనవలెనని బెంగుళూరున 2009లోనే చట్టము వచ్చినది. గొట్టము పెట్టి, అధికారి చూచి పోయిన పిదప మూతవేయుట కాక, నిజముగ ఇంకుడుబావి త్రవ్వించుడు. త్రవ్వువారు ఎవరనుకొన్నారు? ఆనాడు చెరువులు త్రవ్విన ఒడ్డెవారి వంశీకులే నేడు బెంగుళూరున ఈ ఇంకుడుబావులు త్రవ్వుచున్నారు. వారిని వెదకి పిలిచి, తగిన కూలి ఇచ్చుట మన సంఘమునకు గౌరవము.

చెరువు చచ్చినచో ఇక లేవదని నిరాశపడనక్కరలేదు. సర్జాపురము రోడ్డున కైకొండ్రహళ్ళి చెరువును చుట్టుపట్ల నివాసులు నగర పాలికెతో చేయి కలిపి బాగుచేయించుకొనిరి. జక్కూరున శుద్ధిచేసిన మురుగును తుంగ, జమ్ము పెరిగిన తడినేలగుండ పారించి చెరువున నింపుచున్నారు. అచట జాలరులు చేపలు పట్టుచున్నారు. మన శాఖలు ఏడాదికి ఒక చెరువును ఎంచుకొని దాని రక్షణ సంఘమున చేరవచ్చును. హోసూరు, కోలారు రైతులు కోరు మూడవ దశ శుద్ధిని బెంగుళూరు శాఖవారే ముందు అడుగవలెను. మురికి చేసినవాని నోట వచ్చినపుడు ఆ కోరికకు బలము హెచ్చు.

చివరగ ఒక మనవి. మీ ఊరి చెరువు పేరు, అది ఉన్నదా పోయినదా, పోయినచో దానిపై నేడు ఏమి ఉన్నది, దాని నీరు ఏ దారిని పారెడిది – ఈ నాలుగు సంగతులు ఇంటిలోని వృద్ధులనడిగి ఒక కార్డుపై వ్రాసి మా కార్యాలయమునకు పంపుడు. వచ్చినవానిని వచ్చినట్లు ఈ పుటలలో ప్రకటింతుము. వృద్ధులు ఉన్నప్పుడే అడుగవలెను. మా పెదనాయనగారు నేడు లేరు. ఆ తూము కాలువ మలుపు తిరిగి ఎటు పోయెడిదో మేము ఆనాడు అడుగలేదు. ఇక అడుగుటకు వీలు లేదు.